మా పాప ఏ తరగతి?

మా పాపకు చదవడం ఎవరూ నేర్పలేదు. నాలుగేళ్లు నిండకముందే నరసరావుపేట బస్టాండులో నా చంకన కూర్చుని, వచ్చి ఆగిన ప్రతి బస్సు బోర్డునూ పైకి చదివేది. మాచర్ల, గురజాల, కారంపూడి. తెలుగులో ఉంటే తెలుగులో, ఇంగ్లీషులో ఉంటే ఇంగ్లీషులో. పక్కన నిలబడ్డవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. ఒకసారి ఒక పెద్దావిడ బుగ్గ గిల్లి, "ఏందమ్మా, ఈ బుడ్డది అప్పుడే చదువుతుందే! నీ పేరేందే?" అని అడిగింది.

"నీ పేరేందే," అంది మా పాప. అదే గొంతు, అదే రాగం.

ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి అది ముద్దుగానే ఉండేది.

కానీ దాహమేస్తే అడిగేది కాదు. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, నా వేళ్లను బిందె మూత మీద పెట్టి నిలబడేది. నేను గమనించకపోతే అట్లాగే నిలబడి ఉండేది. కడుపునొప్పి వస్తే మంచం కింద దూరేది. ఎక్కడ నొప్పి అని అడిగితే, "ఎక్కడ నొప్పి" అనేది.

మా ఆయనకు మోటారు సైకిళ్లు బాగుచేసే షాపు ఉంది. ఇంట్లో ఆయన, నేను, మా అత్త, పాప. మేం ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ, సగం తెలుగు కలిసిపోయిన ఈ ఊరి ఉర్దూ. వీధిలోకి వస్తే తెలుగు. ఎల్‌కేజీలో చేర్చాక ఇంగ్లీషు కూడా వచ్చి పడింది. మొదటి నెల గడవకుండానే ఆ బడివాళ్లు పిలిపించి, "పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదమ్మా, చెవుడేమో చూపించండి" అన్నారు. గుంటూరు తీసుకెళ్లి చూపించాం. చెవులు బాగున్నాయన్నారు. తర్వాత పిల్లల డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన చానాసేపు పాపతో బొమ్మలు పెట్టి ఆడించి, ఆటిజం అన్నాడు. మాట ఆలస్యంగా వస్తుంది, ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేం, మాటల శిక్షణ మొదలుపెట్టండి అన్నాడు. తిరుగు బస్సులో పాప రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లను వరసగా చదువుకుంటూ వచ్చింది.

ఊళ్లోనే మాటల శిక్షణ ఇస్తానన్న ఒకాయన దగ్గరికి కొన్నాళ్లు తిప్పాం. ఆయన మొదటి రోజే, "ఇంట్లో రెండు భాషలేంటి? అందుకే పాప తికమకపడుతోంది. ఒకటే మాట్లాడండి, తెలుగైనా సరే, ఇంగ్లీషైనా సరే. ఉర్దూ మాత్రం ఆపేయండి" అన్నాడు. పెద్ద చదువు చదివినవాడు చెబుతుంటే మేం కాదనగలమా. ఇంటికొచ్చి అత్తతో చెప్పాం. అత్తకు తెలుగు రాక కాదు. పుట్టింది మాచవరంలో, పెరిగింది మిరప చేల మధ్యనే. కానీ పిల్లను ఒళ్లో వేసుకుంటే ఆమె నోట్లోంచి వచ్చేది ఉర్దూయే.

"నా మనవరాలితో నేను కూరగాయల బేరమాడినట్టు మాట్లాడాల్నా?" అంది.

బలవంతాన కొన్నాళ్లు తెలుగులో మాట్లాడింది. తర్వాత మాట్లాడటమే తగ్గించేసింది. పాపకు తల దువ్వేది, అన్నం కలిపి పెట్టేది, అంతే. మా ఇల్లు ఎప్పుడూ గోలగోలగా ఉండేది. ఆ ఏడాది మాత్రం ఎవరైనా వస్తే, "ఏంది, ఇంట్లో ఎవరూ లేరా?" అని గుమ్మంలోనే అడిగేవాళ్లు.

పాపకు లెక్కలు వచ్చన్న సంగతి పక్కింటి అమ్మాయి వల్ల తెలిసింది. ఆ అమ్మాయి మూడో తరగతి. మా అరుగు మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటూ నీళ్లకని లేచి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి మా పాప ఆ పుస్తకంలో భాగహారాలన్నీ పెన్సిల్‌తో పూర్తిచేసి, తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయింది. "ఆంటీ, మీ పాప నా లెక్కలన్నీ చేసేసింది," అని ఆ అమ్మాయి ఏడుపు మొహంతో వచ్చింది. మా ఆయన షాపునుంచి రాగానే ఆ పుస్తకం చూపించాను. ఆయన చేతులు కూడా కడుక్కోకుండా అక్కడే కూర్చుని, గ్రీసు వేళ్లు కాగితానికి అంటకుండా పట్టుకుని, ఒక్కొక్క లెక్కా చూశాడు. ఆయన చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. "అన్నీ కరెక్టే," అన్నాడు చివరికి. ఆ డాక్టరు ఆ మాట చెప్పిన రోజునుంచి ఆయన మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

ఆ వెలుగుతోనే మేం ఊళ్లో ఇంకో ప్రైవేటు బడికి వెళ్లాం.

కరస్పాండెంటు సారు పాపను ఎదురుగా కూర్చోబెట్టి, నాలుగో తరగతి లెక్కలిచ్చాడు. పాప తల ఎత్తకుండా చేసేసింది. ఆయన కుర్చీలోంచి లేచి, టీచర్లను పిలిచి చూపించాడు. తర్వాత పాపను, "చాక్లెట్ కావాలా, బిస్కెట్ కావాలా?" అని అడిగాడు.

"బిస్కెట్ కావాలా," అంది పాప.

"సార్, తనకు మాటలు..." అని నేను మొదలుపెట్టాను.

"మాటలదేముంది మేడం! రేపు ఎంట్రెన్సు పరీక్షలో ఎవడన్నా మాట్లాడమంటాడా? మీ పాపను నాకు వదిలెయ్యండి. ఒకటో తరగతి ఎందుకు, టైం వేస్టు. మూడులో వేస్తా. పదేళ్ల తర్వాత ఈ పాప ఫొటో మన సెంటర్లో ఫ్లెక్సీ మీద ఉంటది, రాసిపెట్టుకోండి."

ఆ మాట వినడానికి ఎంత బాగుందో చెప్పలేను. అప్పటిదాకా మేం తొక్కిన ప్రతి గడపా మా పాపకు ఏం రాదో చెప్పింది. వచ్చిందాన్ని చూసి సంబరపడ్డ మొదటి మనిషి ఆయన. మా ఆయన అయితే ఆ సాయంత్రం షాపు దగ్గర అందరికీ టీ తాగించాడు. అలా మా పాప తనకంటే రెండేళ్లు పెద్ద పిల్లల మధ్య కూర్చుంది.

లెక్కల పరీక్షల్లో ఆమెదే మొదటి స్థానం. పిల్లలు ఆమె పక్కన కూర్చోవడానికి పోటీపడేవాళ్లట, చూసి రాసుకోవడానికి. విరామంలో మాత్రం ఎవరూ పక్కన ఉండేవాళ్లు కాదు. గోడవారన నడుస్తూ ఎక్కాలు చదువుకునేది. పదమూడు, పద్నాలుగు, పదిహేడు. మొదట్లో పిల్లలు ఆశ్చర్యపడ్డారు, తర్వాత అలవాటు పడిపోయారు.

ఒక శనివారం మధ్యాహ్నం బడి బస్సు వచ్చింది గానీ పాప దిగలేదు. డ్రైవరు, "మీ పాప ఎక్కలేదక్కా, మీరే తీసుకెళ్లారనుకున్నాం" అన్నాడు. నేను మా ఆయనకు ఫోను చేస్తూనే ఆటో ఎక్కాను. ఆ దారంతా నా మనసులో ఏమేం తిరిగాయో ఇప్పుడు రాయలేను. బడికి చేరేసరికి ఆయా వాళ్లు వెతుకుతున్నారు. చివరికి ఒక ఆయా ఆడపిల్లల బాత్రూముల వైపునుంచి కేకేసింది.

పాప లోపల ఉంది. గడియ బిగుసుకుపోయి, తలుపు తెరుచుకోలేదు. భోజనం గంటకు ముందు వెళ్లిందట. తలుపు బయటినుంచి పగలగొట్టి తీసేసరికి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. జుట్టంతా చెమటకు నుదుటికి అతుక్కుపోయి ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఎక్కం చదువుతోంది. గొంతు బొంగురుపోయినా ఆపడం లేదు. నేను ఎత్తుకున్నా ఆపలేదు.

తర్వాత తెలిసింది, ఆ గొంతు చాలామంది విన్నారు. చేతులు కడుక్కోవడానికి వచ్చిన పిల్లలు విన్నారు. ఒక టీచరమ్మ కూడా విన్నది. "ఎప్పుడూ చదువుకుంటూనే ఉంటది గదా అనుకున్నానండీ," అంది ఆమె, కళ్లనీళ్లు పెట్టుకుంటూ. ఆమెను ఏమనగలను? నేనైనా అదే అనుకునేదాన్నేమో. మా పాప తనకు చేతనైన పద్ధతిలో పిలిచింది. అది పిలుపని ఎవరికీ తెలియలేదు.

కరస్పాండెంటు సారు ఇంటికొచ్చి బాధపడ్డాడు. గడియలన్నీ మార్పిస్తానన్నాడు, మార్పించాడు కూడా. "చిన్న పొరపాటు, దీనికి బంగారం లాంటి చదువు పాడుచెయ్యొద్దు" అన్నాడు. ఆయన వెళ్లాక మా ఆయన నా వైపు చూశాడు.

"సోమవారం పంపుదాం," అన్నాడు.

"తలుపు తియ్యమని అడగడం రాని పిల్లను భాగహారాలకు పంపుదామా?" అన్నాను.

"మాటలు లేవు కాబట్టే చదువుండాల. అది కూడా లేకపోతే దానికేముంది?"

అయినా సోమవారం నేను పంపలేదు.

గుంటూరులో మాటల శిక్షణ ఇచ్చే ఇంకొక అమ్మాయి ఉందని ఎవరో చెబితే, అత్తను కూడా వెంటబెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాం. వయసులో నాకంటే చిన్నది. పాపతో నేల మీద కూర్చుంది. తర్వాత మమ్మల్ని, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగింది. ఉర్దూ మాన్పించిన సంగతి చెప్పాను.

"అయ్యో, నాయనమ్మ నోరెందుకు మూయించారండీ?" అంది. "రెండు భాషలు వింటే పిల్లలకు ఏమీ కాదు. ప్రేమగా, ఎక్కువగా ఎవరు మాట్లాడతారో వాళ్ల మాట వినాలి. ఈ రోజునుంచే మాట్లాడమనండి."

మా అత్త తలుపు పక్కనే కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోయిన ఆ ఏడాదిని ఎవరు తెచ్చిస్తారు?

ఆ అమ్మాయి ఇంకో పని చేసింది. ఒక చిన్న కథ పాపకు ఇచ్చింది. పాప గడగడా చదివేసింది. నేను గర్వంగానే చూస్తున్నాను. "కుక్కపిల్ల ఎందుకు ఏడ్చింది?" అని ఆమె అడిగింది. పాప ఆ ప్రశ్ననే తిరిగి చెప్పింది. "కుక్కపిల్ల ఏది? చూపించు" అంటే, బొమ్మను వదిలి 'కుక్కపిల్ల' అనే అక్షరాల మీద వేలు పెట్టింది. చదవడం వచ్చిందంటే అర్థమవుతోందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. పాపను ఒళ్లోకి లాక్కున్నాను.

"భయపడకండి. కానీ ఏ తరగతి అని ఒక్కటే ప్రశ్న అడగొద్దు," అంది ఆమె. "లెక్కల్లో నాలుగు దాటింది. అక్షరాలు చదవడంలో అంతకంటే ముందుంది. అర్థం చేసుకోవడంలో ఒకటో తరగతి. తన అవసరం చెప్పడంలో మూడేళ్ల పిల్ల. ఈ నలుగురినీ ఒకేచోట చదివించే బడి వెతకాలి. ముందు నేర్పాల్సింది రా, వద్దు, నొప్పి, తియ్యి. లెక్కలు ఆపొద్దు. అవి ఆపితే ఆమెకు బడి మీద ఇష్టం పోతుంది."

వినడానికి సులువుగానే ఉంది. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది. గుంటూరులో ప్రత్యేక పిల్లల బడి ఒకటి చూశాం. మంచివాళ్లు. మాటలు నేర్పుతాం గానీ ఈ పిల్లకు లెక్కలు చెప్పేవాళ్లు మా దగ్గర లేరని నిజాయితీగా చెప్పారు. పైగా కాపురం అక్కడికి మార్చాలి. షాపును చంకన పెట్టుకుని పోలేం గదా. నరసరావుపేటలో తిరిగిన ప్రైవేటు బడుల్లో లెక్కలకు ఒక తరగతిలో, మిగతావాటికి ఒక తరగతిలో కూర్చోబెడతారా అని అడిగాను. ఒక చోట గుమాస్తా నా మొహం చూసి జాలిపడ్డాడు. "ఒక పిల్లకు ఒకటే తరగతి మేడం. రెండు వేస్తే కంప్యూటరు తీసుకోదు."

మా వీధి చివరనే సర్కారు ప్రాథమిక పాఠశాల ఉంది. రోజూ దాని ముందునుంచే అన్ని బడులకూ తిరిగాం. అందులోకి వెళ్లాలని తోచలేదు. రెండు గదులు, ఇద్దరు టీచర్లు. పెద్ద టీచరమ్మ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. నేను అంతా చెప్పేదాకా విని, పాప వైపు చూసి, "లెక్కలు చేస్తుందా? ఏదీ," అని బోర్డు మీద ఒకటి వేసింది. పాప చేసింది. ఆమె సంబరపడలేదు, తల ఊపింది అంతే.

"చూడమ్మా, మా దగ్గర మూడు, నాలుగు, అయిదు ఒకటే గది. ఆ వరసలో వాళ్లు, ఈ వరసలో వీళ్లు. లెక్కలప్పుడు మీ పాప లేచి ఇటొచ్చి కూర్చుంటది, అయిపోయినాక పక్క గదిలో ఒకటో తరగతికి పోతది. దీనికి పెద్ద ప్లానేంది? మాకు టీచర్లు లేక అందరినీ కలిపి కూర్చోబెట్టుకున్నాం, అది మీకు కలిసొచ్చింది." తర్వాత కొంచెం ఆగి, "బాత్రూముకు మాత్రం గడియ లేదు. మీరది లోపం అనుకుంటారో, మంచిదనుకుంటారో" అంది.

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. మండలంలో ప్రత్యేక పిల్లల కోసం తిరిగే టీచరు ఒకామె అప్పుడప్పుడూ వస్తుందని, ఆమెతో మాట్లాడతానని కూడా చెప్పింది.

ఇంట్లో మాత్రం పెద్ద గొడవైంది. మా ఆయన ఆ రోజు అన్నం తినలేదు. "షాపులో ఏమని చెప్పాలి? ఫస్టు వచ్చే పిల్లను తీసుకొచ్చి ఒకటో తరగతిలో వేశామని చెప్పాల్నా? నా లాగానే ఇదీ ఎనిమిదితో ఆగిపోవాల్నా?" అన్నాడు. ఆయన కోపంలో ఉన్న భయం నాకు కనిపిస్తూనే ఉంది. మా అత్త కలగజేసుకుని, "ఒరేయ్, ఆ రోజు బాత్రూములో నువ్వుండుంటే తెలిసేది" అంది. ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. పాపను బడిలో చేర్చిన రోజు ఆయన రాలేదు. కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం పనిలోంచి లేచి ఒంటరిగా వెళ్లి, బడి కిటికీ దగ్గర నిలబడి చూసి వచ్చాడని ఎవరో చెప్పారు.

ఆ బడి స్వర్గమేమీ కాదు. ఒకటో తరగతి పిల్లలు ఆమెను వెక్కిరించారు. వాన పడి రేకుల మీద చప్పుడైతే చెవులు మూసుకుని బయటికి పరుగెత్తేది. టీచరమ్మ సెలవు పెడితే ఆ రోజు లెక్కలకు ఎవరూ పిలిచేవాళ్లు కాదు, పాప ఇంటికొచ్చి తల గోడకు కొట్టుకునేది. కానీ టీచరమ్మ ఒక నియమం పెట్టింది. ఏది కావాలన్నా, అరగంటైనా సరే, పాప అడిగేదాకా ఆగాలి. సుద్దముక్క కావాలంటే "ఇవ్వు" అనాలి. పక్క పిల్లలకూ అదే చెప్పింది. సర్కారు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటాయి. పాపకు అవి ప్రాణం. అటూ ఇటూ చూసుకుంటూ, ఏ మాటకు ఏ మాటో వేలితో కలిపేది. ఆ కలపడంలోనే కొంత అర్థం ఎక్కిందని నా అనుమానం.

తనంతట తాను, ఎవరి మాటా తిరిగి చెప్పకుండా, అవసరానికి వాడిన మొదటి మాట మాత్రం బడిలో రాలేదు. ఒక ఆదివారం మా అత్త తలకు నూనె పెట్టబోతుంటే, పాప ఆమె చెయ్యి తోసేసి, "నక్కో" అంది. మా ఉర్దూలో వద్దు అని. అత్త నూనె గిన్నె పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. "మళ్లీ అను బేటా," అని మళ్లీ నూనె చెయ్యి చాపింది. "నక్కో!" ఈసారి గట్టిగా అరిచింది. ఆ సాయంత్రం దాకా మా అత్త వీధిలో అందరికీ, మనవరాలు తనను కసిరిందని సంతోషంగా చెప్పుకుంటూ తిరిగింది.

ఇప్పుడు పాప నాలుగో తరగతి వయసులో ఉంది. లెక్కల్లో ఏడో తరగతి పుస్తకం చేస్తోంది. రెండు మూడు మాటలు కలిపి మాట్లాడుతుంది, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు ఒకే వాక్యంలో. నొప్పి వస్తే చెబుతుంది, ఎక్కడో ఇంకా సరిగా చూపించలేదు. పెద్ద టీచరమ్మ ఈ వేసవిలో రిటైరైంది. కొత్తగా వచ్చిన కుర్ర మాస్టారు దగ్గర మొదటి రోజే కూర్చుని, అన్నీ మొదటినుంచి చెప్పుకొచ్చాను.

"మేడం చేసినట్టు చేస్తానని మాటివ్వలేనమ్మా," అన్నాడు ఆయన. "లెక్కలవరకూ నేను చూస్తా. కానీ ఈ మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూల్లో కలుపుతారంటున్నారు. అప్పుడేంటన్నది నాకే తెలియదు."

కలిపినా కలపకపోయినా ఆరో తరగతికి హైస్కూలు తప్పదు. మా ఆయన, "ఆరు సంగతి ఆరులో చూద్దాం" అంటాడు. నాకు కుదురు లేదు. మొన్న ఒక మధ్యాహ్నం పాపను తీసుకుని హైస్కూలు చూడటానికి వెళ్లాను. గేటు దగ్గరికి వెళ్లేసరికి ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. ఒక్కసారిగా పిల్లలంతా వరదలా బయటికి వచ్చారు. అరుపులు, పరుగులు, సైకిల్ బెల్లులు. పాప రెండు చేతులతో చెవులు మూసుకుని నా నడుముకు అతుక్కుపోయింది. కానీ పారిపోలేదు. గోల కాస్త తగ్గాక తల ఎత్తి, "యే బడి, ఎవరిది?" అని అడిగింది. 'యే' అంటే మా ఉర్దూలో 'ఈ' అని.

"పెద్ద పిల్లలది," అన్నాను.

"నేను?"

హెడ్మాస్టరు గది తెరిచే ఉంది. లోపలికి వెళ్లి అడగవచ్చు. ఏమని అడగాలో, ఏ తరగతి అని మొదలుపెట్టాలో ఆలోచిస్తూ నిలబడ్డాను. పాప నా చెయ్యి ఊపుతూ మళ్లీ అడిగింది.

"చూద్దాం," అన్నాను. ఆ మాటకు అవునని అర్థమో, కాదని అర్థమో ఆమెకు ఇంకా తెలియదు. ఆ రోజుకు నాకూ తెలియలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, హెడ్మాస్టరు గది వైపు నడిచాను.